పది ఒకటైన రోజు

ఒకటో తరగతిల అందరు చింతగింజలతోని లెక్కలు నేర్చుకునేటోళ్లు. నా దగ్గర మాత్రం ఖాళీ క్యాప్సూల్ డొల్లలుండేవి. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల ప్యాకింగు పనిచేసే మా నాయిన, చెత్తల పడ్డవాటిని ఏరి తెచ్చేటోడు. ఎర్రవి, పసుపువి. కంటికి అడ్డం పెట్టుకొని చూస్తే బడి మొత్తం రంగునీళ్లల్ల తేలినట్టుండేది.

ఒక వానరోజు పది డొల్లలు లెక్కవెట్టి తడిచేతిల గట్టిగ పట్టుకున్న. పిడికిలి తెరిస్తే అన్నీ మెత్తవడి, అతుక్కొని ఒక్క ముద్దయినయి. కోపానికి పలక ఇసిరికొట్టి ఏడ్చిన. సారు ఆ ముద్దను చూసి నవ్విండు.

"పది యాడికి పోలేదు. అన్నీ కలిసి ఒక పది అయినయి, అంతే."

పొద్దుగూకంగ నాయిన రాంగనే ఆ ముద్దను ఆయన అరచేతిల పెట్టిన. "ఇది ఒకటి గాదు, ఒక పది. నీకేం తెలుసు, నువ్వు బడికి పోలేగా!" అన్న గొప్పగ.

నాయిన వేలితోని ముద్దను మెల్లగ నిమిరిండు.

"పది గోలీలు ఒక షీటు. పది షీట్లు ఒక డబ్బ. దినాం గిదే గద బిడ్డా నా పని."

పది పదులు ఎంతో సారు మాకింకా చెప్పనేలేదు.