ఒక శక్తి కార్డు, రెండు జీవులు

ముందుగా రూఢి అయినవాటిని వేరు చేసి పెడతాను. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే నా మిత్రుడు, ఆట ముగిసిన ప్రతిసారీ తన కార్డులను పోగుచేసి, ఒక శక్తి కార్డు, రెండు జీవుల కార్డులు, మళ్లీ ఒక శక్తి కార్డు అన్న వరుసలో పేర్చుకునేవాడు. ఇది నేను కళ్లారా చూశాను. పేర్చిన తరువాత కలిపేవాడు. అదీ చూశాను. పెనుకొండలో ఒక ఆదివారం, అతను లేనప్పుడు, ఆ పేర్పు గురించి నేను ఒక మాట అన్నాను. అన్నవాణ్ని నేనే గనుక దీనికి వేరే సాక్ష్యం అక్కరలేదు. ఆ మాట ధర్మవరం చేరేసరికి ఏ రూపం దాల్చిందన్నది మాత్రం వినికిడి. రైలు పెట్టెలో ఎవరో నవ్వారని, ఎవరో అతని ముఖం మీదే అడిగారని విన్నాను. నేను అక్కడ లేను.

మేము ఆడేది మంత్రగాళ్లూ డ్రాగన్లూ ఉండే కార్డుల ఆట. ప్యాకెట్లలో కొన్న కార్డుల నుంచి ఎవరి డెక్కును, అంటే ఆడే కార్డుల కట్టను, వారే కూర్చుకోవాలి. అందులో ముఖ్యంగా రెండు రకాలుంటాయి: పోరాడే జీవులు, వాటిని బరిలోకి పిలవడానికి కావలసిన శక్తి. శక్తి కార్డులే వరసగా వస్తే పిలవడానికి ఎవరూ ఉండరు. జీవులే వస్తే చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చోవాలి. డెక్కును కూర్చడమంటే చాలావరకు ఈ రెంటి పాళ్లు కుదర్చడమే. మావాళ్లు శక్తి కార్డును కరెంటు అంటారు.

నేను హిందూపురం దగ్గర ఒక మందుల కర్మాగారంలో, నాణ్యత పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఆదివారాలు నేను ఇటునుంచి, అతను ధర్మవరం నుంచి రైలెక్కి పెనుకొండలో దిగేవాళ్లం. అక్కడ జిరాక్సు అంగడి నడిపే అక్క షట్టరు సగం దించి, మిషను మీద దుప్పటి కప్పి, మాకు బల్ల ఖాళీ చేసి ఇస్తుంది. ఆమె మా ఇద్దరికంటే వేగంగా ఆడుతుంది. ధర్మవరం వైపు నుంచి అప్పుడప్పుడు మరికొందరు వస్తారు.

అతని పేర్పు అంగడి నుంచి వచ్చింది. విప్పి చూపించిన చీరలను మడిచి దొంతి పెట్టేటప్పుడు, వాళ్లింట్లో ఒక లేత రంగు, రెండు ముదురు రంగులు అన్న వరుస పాటిస్తారు. ఒకే రంగువి పక్కపక్కన పడితే ఏ చీరా కంటికి ఆనదట. అతని చేతులు కార్డులతోనూ అదే పని చేసేవి. మాతో కబుర్లాడుతూ, కిందికి చూడకుండానే పేర్చేవాడు. నాకు మొదటినుంచీ అది గుచ్చుకునేది. పేర్చినవాటిని బాగా కలిపితే వరుస చెదిరిపోతుంది, అంటే పేర్చడం వృథా. చెదరకపోతే అది ఆటలో అన్యాయం. తర్కంలో మూడో దారి లేదు.

ఆ రోజుల్లో అతను వరసగా గెలుస్తున్నాడు. నేను వరసగా ఓడిపోతున్నాను.

"ఏమప్పా, మల్లా కరెంటు రాలేదా?" అన్నాడు ఒక ఆదివారం, నా చేతిలోని కార్డుల వైపు తొంగిచూస్తూ. "మా మామ తోటలో మోటారే నీ డెక్కు కన్నా నయం."

"నీకు మాత్రం అడిగినప్పుడల్లా వస్తాండాది."

"అంగడోళ్ల చేతులప్పా ఇవి. ఏది గావాలంటే అది పైకొస్తాది."

ముగ్గురమూ నవ్వాం. అతను తన రైలుకు వెళ్లిపోయాక నాకు మిగిలింది ఆ నవ్వు కాదు, ఆ వాక్యం.

"ఏమబ్బా, అట్ల మూతి ముడుచుకున్యావు?" అంది అక్క, బల్ల సర్దుతూ.

"అక్కా, ఆయప్ప పేర్చేది చూస్తివా? ఒకటికి రెండు, ఒకటికి రెండు. సరిగ్గా కలపకుంటే అది న్యాయం గాదు."

"అంటే దొంగాటంటావా?"

"అట్లనలేదు. పరీక్షించాలంటాండా."

"రెండింటికీ తేడా ఏముండాదబ్బా?"

ఆ తేడాను నేను చాలాసేపు వివరించాను. అనుమానం వేరు, నిర్ధారణ వేరు అన్నాను. ఆమె తలూపుతూ విని, "నీ ఇంట్లో వంకాయ కొన్యా ల్యాబుకు పంపిస్తావేమో" అని నవ్వింది. నేను నా వివరణతో తృప్తిపడి హిందూపురం రైలెక్కాను. నోటి మాటకు అలాంటి షరతులేవీ అంటుకుని ఉండవని అప్పుడు తోచలేదు. ల్యాబులో నా అనుమానం కాగితం మీద ఉంటుంది. దానికింద 'నిర్ధారణ కాలేదు' అని రాసి ఉంటుంది. అంగడిలో ఆ రెండో వరుస రాసేవారెవరు?

తరువాతి ఆదివారం అతను వచ్చి కూర్చుని, డెక్కును రెండు చేతులతో నా ముందుకు జరిపాడు.

"నువ్వే కలుపప్పా."

"ఎందుకు? నీది నువ్వే కలుపుకో."

"వద్దులే. నావి అంగడి చేతులు గదా."

గొంతులో కోపం లేదు. అక్క తన కార్డులలోకి తల దించుకుంది. ఆట అయ్యాక నన్ను షట్టరు అవతలికి పిలిచి, "నేను నగుసారాలకే, ఊరికే నవ్వుకునేదానికే అంటినబ్బా, ఆయప్పతో రైల్లో వచ్చేటోళ్లకు. ఇంత దూరం పోతాదనుకోలేదు" అంది. ఆమెను నేను ఏమనగలను? ఆమె చేరవేసినది నా సరుకే.

ఇంటికి వచ్చాక, ముందే చేయవలసిన పరీక్షకు కూర్చున్నాను. నా కార్డులను అతని వరుసలో పేర్చి, అతను కలిపినట్టుగా కలపబోయి, ఆగిపోయాను. అతను ఎలా కలిపేవాడో నాకు తెలియదు. పేర్చేటప్పుడు కళ్లప్పగించి చూసినవాణ్ని, కలపడం మొదలు కాగానే నా కార్డుల వైపు తిరిగేవాణ్ని. పద్ధతిలో సగమే చూసి ఫలితం మీద అభిప్రాయం చెప్పిన నివేదికను నా ల్యాబులో నేనైతే వెనక్కి పంపుతాను.

అంతకంటే పెద్ద లోపం మరొకటి బయటపడింది. అతను గెలవడం మొదలుపెట్టింది నేను అతని డెక్కును సవరించిన తరువాతనే. ఒకసారి పని మీద ఇద్దరమూ ఒకే రైలులో ధర్మవరం వెళుతూ, కార్డులను సీటు మీద పరిచి కూర్చున్నాం. బరువైన జీవులను తీయించి చవకగా పిలవగలిగేవాటిని పెట్టించాను, శక్తి కార్డులను పెంచాను. అతనికి ప్రాణప్రదమైన బంగారు రెక్కల డ్రాగన్‌ను కూడా తీయమన్నాను. దాన్ని పిలిచేంత శక్తి చేరేలోపు ఆటే ముగుస్తుందని లెక్కకట్టి చూపాను.

"అది దీస్తే అంచులేని చీర మాదిరి ఉంటాదప్పా" అన్నాడు.

"అందం గెలిపించదు."

తీసేశాడు. ఆపైన అతనికి కార్డులు సమంగా రావడంలో ఆశ్చర్యం ఏముంది? సమంగా రావడానికే నేను ఆ పాళ్లు కుదిర్చాను. నా పని నిజంగా ఫలించినప్పుడు, దాన్ని గుర్తుపట్టకుండా అతని చేతులను అనుమానించాను. నేను ఓడిపోతూ ఉండకపోతే ఆ పేర్పు నన్ను అంతగా గుచ్చేదా అని కూడా నన్ను నేను అడిగాను. జవాబు నాకు అనుకూలంగా లేదు.

ఆ వచ్చిన ఆదివారం, ధర్మవరం నుంచి వచ్చినవాళ్లు కూడా ఉండగా, ఇదంతా చెప్పాను. ఆధారం లేకుండా మాట్లాడానని, ఆ గెలుపులకు డెక్కు కూర్పే చాలిన కారణమని అన్నాను. ఒకరు "ఆయప్ప చేతులు మంచివేనని సారు సర్టిఫికెట్టిచ్చినాడు" అన్నారు. నవ్వులు లేచాయి. అతనూ నవ్వి, "పోనీలేప్పా" అంటూ డెక్కును మళ్లీ నా ముందుకే జరిపాడు.

కలుపుతుంటే బంగారు రెక్కలు తళుక్కుమన్నాయి. డ్రాగన్ తిరిగి వచ్చింది. నేను తీయించిన బరువైన జీవులన్నీ వచ్చాయి.

"ఇట్లయితే ఓడిపోతావు" అన్నాను.

"ఓడిపోయేటోన్ని ఎవరేమడుగుతారప్పా?"

ఓడిపోతున్నాడు కూడా. ఆట అయ్యాక కార్డులను పేర్చుకోవడం మానేశాడు. ఎలా పడితే అలా కుప్పచేసి రబ్బరు బ్యాండు వేస్తాడు. చీరలు మడిచే మనిషి చేతుల్లో ఆ కుప్పను చూడడం నాకు కష్టంగా ఉంటుంది. అతని డెక్కును నేను అవసరమైనదానికంటే ఎక్కువసేపు కలుపుతాను, కలిపినంతసేపూ అతను షట్టరు కిందినుంచి రోడ్డు వైపు చూస్తుంటాడు.

ఒక ప్రశ్న ఇంకా తేలలేదు. ఆ పేర్పు చెదిరిపోయేంతగా అతను కలిపేవాడా, లేదా? అతను ఇప్పుడు తన కార్డులను తాను కలపడు, అప్పటి డెక్కూ లేదు. కాబట్టి పరీక్షకు దారి మూసుకుపోయింది. మిగిలింది అతన్నే అడగడం. ఆ మాట ఒకసారి నా నోటినుంచి వచ్చింది, రెండోసారి రానివ్వలేను.