రెండు నదుల సవతి

పోయిన శనివారం ప్లేనోలో, మా ఆయనా నేనూ చుట్టపుచూపుగా వెళ్ళిన మా చెల్లెలి ఇంట్లో భోజనాలయ్యాక, మా మరిది ఫోన్‌ని టీవీకి కలిపి, వాళ్ళిద్దరూ చైనా టూర్‌లో తీసుకున్న ఫోటోలు చూపించడం మొదలుపెట్టాడు. గోడ, గుళ్ళు, ఏవో తోటలు అయ్యేవరకు నేను మామిడిపండు ముక్కలు కోస్తూ, బాగున్నాయి బాగున్నాయి అంటూ మర్యాదగానే ఉన్నాను. అంతలో తెర మీద ఒక పెద్ద నది, దాని ఒడ్డున కొండంత ఎత్తున దీపాలు వెలిగే మేడలు వచ్చాయి. "ఇది చోంగ్‌చింగ్ అక్కా, మా ట్రిప్ మొత్తానికి హైలైట్ ఇదే" అంది చెల్లెలు. ఆ పేరు వినగానే నాకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఈ వయసులో ఇదేం కుళ్ళు అని మీరు నవ్వుకోవచ్చు, నవ్వుకోండి. ముప్పై ఏళ్ళుగా ఆ ఊరు నాకు సవతి.

ఎడిసన్‌లో మేము ఇల్లు కొనుక్కున్న కొత్తలో, మా ఆయన పనిచేసే కంపెనీ మోటార్‌సైకిల్ ఇంజన్ల భాగాలను ఆ ఊళ్ళో పోత పోయించడం మొదలుపెట్టింది. లోహం కరిగించి అచ్చుల్లో పోసే పనిలో ఆయనకు మంచి పేరుండేది కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఆయన్నే పంపేవాళ్ళు, వెళితే నెలకు తక్కువ ఉండేది కాదు. భార్యల్ని వెంట తీసుకెళ్ళే పద్ధతి లేదు. నేనిక్కడ పిల్లల్ని బడికి దింపి, డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోసుకుంటూ రోజులు లెక్కపెట్టుకుంటే, తిరిగొచ్చిన మనిషి ముఖంలో ఒక కళ ఉండేది చూడండి, మా పెళ్ళి ఫోటోలో కూడా అంత కళ లేదు.

వచ్చిన దగ్గర్నుంచీ అదే కబురు. కొండ మీద కట్టిన ఊరట, సైకిలు తొక్కేవాడే కనిపించడట. ఒక వీధిలోంచి మేడలోకి వెళ్ళి, నాలుగైదు అంతస్తులెక్కి అవతలి తలుపు తీస్తే ఇంకో వీధిలో తేలతామట. ఆకుపచ్చగా జియాలింగ్ నది, ఎర్రమట్టి రంగులో యాంగ్ట్సీ నది వచ్చి కలిసే చోట రెండు నీళ్ళూ కలవడం ఇష్టం లేనట్టు కాసేపు పక్కపక్కనే విడివిడిగా పారతాయట. చలికాలమంతా పొగమంచు, అందులో బొగ్గు వాసన. ఎండాకాలం మాత్రం అచ్చం మన బెజవాడే. పడవ దిగగానే రేవు మెట్లు మొదలై, తలెత్తి చూస్తే చివర కనపడేది కాదట, వెదురు కావడిబద్దలు భుజాన వేసుకున్న కూలీలు పరుగెత్తుకొచ్చి సామాను అందుకునేవాళ్ళట. ఆ మెట్ల మధ్య ఒక మలుపులో ఒకావిడ వేడివేడి నూడుల్స్ అమ్మేదట. ముసలావిడే అని ఆయన, ఎంత ముసలావిడ అని నేను. ఆ సంగతి ఎన్ని భోజనాలు నడిచిందో చెప్పలేను.

ఇంట్లో చిచ్చు పెట్టింది మాత్రం ఆ ఊరి మిరియాలే. కారం కాదు, నాలుకకు తిమ్మిరెక్కించే రకం. పొట్లం కట్టుకొచ్చి, నేను కాచిన పప్పుచారులో నాకు కనపడకుండా రెండు గింజలు నలిపి వేసుకుని, కళ్ళు మూసుకుని జుర్రుకునేవారు. మా అమ్మ చేతిరుచి నాకొచ్చిందని చుట్టాలందరూ మెచ్చిన చారు ఆయనకు చప్పగా అయిపోయింది. ఆ పొట్లాన్ని ఒకటి రెండుసార్లు చెత్తబుట్టలో పడేసి ఏమీ ఎరగనట్టు ఊరుకున్నాను. అందుకు ఇవాళ్టికీ నాకేమీ బాధ లేదు.

రిటైరయ్యాక నిన్ను తీసుకెళతాను, ఆ మెట్లు ఇద్దరం కలిసి ఎక్కుదాం అని మాటిచ్చారు. మీ ఊరు ఎవరిక్కావాలి అని పైకి అన్నానే గానీ, దాని ఎదురుగా నిలబడి నాలో లేనిది దానిలో ఏముందో ఒక్కసారి చూడాలని లోపల ఎంత ఉండేదో. తీరా రిటైరయ్యేసరికి ఆయన మోకాళ్ళు మొరాయించాయి. మా ఇంట్లో మేడ మీదికే రెయిలింగ్ పట్టుకుని ఎక్కే మనిషికి ఆ మెట్ల ఊరు ఇంకెక్కడిది? ఆ మాట ఎత్తడం ఇద్దరమూ మానేశాం.

అలాంటి ఊరికి, నా నోట విని పేరు నేర్చుకున్న మా చెల్లెలు మొగుడి చెయ్యి పట్టుకుని వెళ్ళి ఫోటో దిగి వచ్చింది. చిన్నప్పుడు నా కొత్త పరికిణీ నాకంటే ముందు తను కట్టుకుని వీధంతా తిరిగొచ్చిన రోజున కూడా నాకు ఇంత మండలేదు.

మా ఆయన కుర్చీని టీవీ దగ్గరికి జరుపుకున్నారు. "రేవు మెట్లు తీశావా అమ్మా?" అని అడిగారు.

"మెట్లెక్కడివి బావగారూ, మేము తిరిగినచోటల్లా ఎస్కలేటర్లే. ట్రైన్ అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లోంచి వెళ్తుంది, ఈ వీడియో చూడండి!"

"ఫ్యాక్టరీలన్నీ ఊరి బయటికి షిఫ్ట్ చేసేశారట అన్నయ్యా" అన్నాడు మా మరిది.

ఆయన వచ్చే ప్రతి ఫోటోలోనూ, తెలిసిన ముఖం కోసం వెతికినట్టు వెతికారు. నది తప్ప ఏదీ పోల్చుకోలేకపోయారు. చివరికి నావైపు తిరిగి, "ఆ నూడుల్స్ ఆవిడ కూర్చునే మలుపు ఎడమవైపు కదూ?" అన్నారు.

"కుడివైపండీ. ఎడమవైపు చెప్పులు కుట్టే అతను" అన్నాను.

ఆయన ముఖంలోకి ఆ పాత కళ వచ్చింది. ఇంకా అడిగారు, నేను చెప్పాను. ఏ రేవులో పడవ ఎక్కేవారో, పొగమంచులో హారన్ ఎటునుంచి వినపడేదో, వాన పడితే ఏ కొట్టు చూరు కింద నిలబడేవారో, ఆయన మరిచిపోయినవి కూడా. టీవీలో ఫోటోలు వాటిపాటికవి మారుతూనే ఉన్నాయి. మా చెల్లెలు నోరు తెరుచుకుని, "నువ్వెప్పుడెళ్ళావక్కా?" అంది.

ఎక్కడికీ వెళ్ళలేదు. ప్రేమించినవాళ్ళు కొంత మరిచిపోతారేమో గానీ, ఏడ్చుకున్నవాళ్ళు మరిచిపోరు. బొగ్గు పొగల ఆ ఊరు ఇప్పుడు అక్కడ లేదు, ఆయన జ్ఞాపకంలోనూ కొంచెం కొంచెంగా చెరిగిపోతోంది. ఇన్నేళ్ళు ఎవరిని తిట్టుకుంటూ బతికానో ఆ సవతి చివరికి నా పంచన చేరింది, నేను తలచుకుంటేనే దానికి ఉనికి. మేము ఎడిసన్ తిరిగొచ్చిన దగ్గర్నుంచీ మా చెల్లెలు రోజూ ఫోన్ చేసి, ఆ పాత ఊరి గురించి ఇంకా చెప్పమని ప్రాణం తీస్తోంది. మీకైతే చెప్పాను గానీ, దానికి మాత్రం చెప్పను.