తొప్పూరు ఘాట్‌లో గేరు వేసిన చెయ్యి

నా చిన్నప్పుడు, పన్నెండేళ్ళ వయసులో, తొప్పూరు ఘాట్‌లో బ్రేకులు పట్టని కారును ఒంటిచేత్తో ఆపాను. నమ్మరా? తమిళనాడులో మా ధర్మపురి బజారులో మూడు వీధులు నమ్మాయి. ఎనభైల్లో అక్కడి జనానికి కార్ల గురించి తెలిసింది అంతే. హారన్ గట్టిగా మోగితే మంచి బండి, మోగకపోతే చెడ్డ బండి.

ఇలా ఎగతాళి చేయడం నాకు నేర్పిన గురువు మా మామ. అమ్మకు తమ్ముడు, బజారులో బట్టల కొట్టు. ఆయన దృష్టిలో ప్రపంచంలో సరైన వాహనం ఇంకా తయారు కాలేదు. అంబాసిడర్ అంటే చక్రాలు తగిలించిన ఇడ్లీ. కొత్తగా వచ్చిన చిన్న కారు అగ్గిపెట్టె. మద్రాసు పక్కన పాత రన్‌వే మీద జరిగే రేసులు, అతుకుల టైర్లతో ఆడే దొంగాపోలీసు ఆట. మన నౌకాదళాన్నీ వదిలేవాడు కాదు. విమానాలు మోసే ఓడను కూడా ఇంకో దేశం వాడేసి వదిలినదే కొనుక్కున్నాం, అది ఒకరు విప్పేసిన చొక్కా అనేవాడు. ఇన్ని మాటలన్నవాడి కారు ఏమిటంటే, ముగ్గురి చేతులు మారి వచ్చిన అంబాసిడరే. సేలం నుంచి సరుకు తేవడానికి అదే దిక్కు.

మామ దగ్గర కార్ల మీదా ఓడల మీదా వచ్చే ఇంగ్లీషు పత్రికల కట్ట ఒకటి ఉండేది. అందులో మామ చదివేది అంకెలు మాత్రమేనని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. నేను అదీ చదవలేదు, బొమ్మలు చూశాను. అయినా ఏ యుద్ధనౌక గంటకు ఎన్ని నాట్లు, అంటే ఎన్ని సముద్రపు మైళ్ళు, పోతుందో, ఏ ఫిరంగి ఎంత దూరం కొడుతుందో బడిలో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. తమిళం వాచకం సరిగ్గా చదవలేని పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు జాలి కూడా కలిగేది కాదు.

మా ఎదురింట్లో నేవీ తాత ఉండేవాడు. నౌకాదళంలో ఇరవై ఏళ్ళు పనిచేసి వచ్చాడు. మొదట్లో ఆయనంటే నాకు భక్తి. తీరా అడిగితే, ఓడ అడుగున ఇంజన్ గదిలో పనిచేశానని, యుద్ధం సంగతి అటుంచి సముద్రాన్నే సరిగ్గా చూడలేదని అన్నాడు. ఆ రోజుతో ఆయన నా లెక్కలోంచి పోయాడు. ఫిరంగి పేల్చనివాడు నేవీ ఏమిటి?

ఒక ఆదివారం మామ సేలం పోతూ నన్ను తీసుకెళ్ళాడు. కళ్ళజోడు బాగుచేయించుకోవాలని తాత కూడా ఎక్కాడు. ఆ కారులో ముందు సీటు ఒకే బల్ల, గేరు కడ్డీ స్టీరింగ్ పక్కన ఉంటుంది. మధ్యలో నేను, నా ఎడమవైపు తాత. దారి పొడుగునా కడ్డీ మీద చెయ్యి పెట్టుకోవడానికి మామ అనుమతించాడు. నాకంతకంటే స్వర్గం లేదు.

ఘాట్ దిగే ముందు చిన్న గుడి దగ్గర బళ్ళన్నీ ఆగుతాయి. డ్రైవర్లు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి కదులుతారు. మామ దిగనైనా దిగలేదు. "నిమ్మకాయకేం తెలుసు రా అల్లుడూ బ్రేకు సంగతి?" అని నవ్వాడు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. ఆ ఊపులో తాతకు నా ఓడల పాఠం మొదలుపెట్టాను. ముప్పై నాట్లు అన్నాను.

తాత అంతా విని, "అంత బిర్రున పోయేది, నిలబడేదెట్లప్పా?" అన్నాడు.

బ్రేకు అన్నాను. లంగరు అన్నాడు మామ.

"ఓడకు బ్రేకు యాడుంది? ఆ వేగంలో లంగరేస్తే గొలుసు తెగిపోతుంది. పైనుంచి గంట కొడతారు, కింద మేము ఇంజన్ వెనక్కి తిప్పుతాము. పోనిచ్చిన ఇంజనే నిలపాల."

"అది ఓడ తాతా, ఇది కారు" అన్నాడు మామ. అని, ఇంజన్ ఆపేసి, గేరు తీసేసి, న్యూట్రల్‌లో వదిలాడు. పెట్రోలు మిగిలించడానికి ఆ రోజుల్లో చాలామంది చేసే పనే. అంకెలు చదివిన మామకూ అదే తెలివి.

మొదట బ్రహ్మాండంగా ఉంది. శబ్దం లేదు, గాలి ఉంది. మామిడికాయల లారీ ఒకటి చిన్న గేరులో మూలుగుతూ ముందు దిగుతోంది. దాన్ని చూసి మామ, "ముసలి ఎద్దు" అన్నాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి కాలిన వాసన. మామ బ్రేకు తొక్కాడు. ఇంకా తొక్కాడు. కాలు అడుక్కి దిగింది గాని కారు తగ్గలేదు. లారీ వెనక పలక పెద్దదవుతోంది. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ.

ఇక్కడ నేనేం చేశానో మూడు వీధులకు తెలుసు. నిజం ఇది: కళ్ళు మూసుకున్నాను. చెయ్యి కడ్డీ మీదే బిగుసుకుపోయింది, తీయడం కూడా చేతకాలేదు.

"క్లచ్ తొక్కప్పా" అని మామతో అంటున్న తాత గొంతు వినబడింది. అరుపు కాదు, మామూలు గొంతే. నా చేతి మీద ఒక గరుకు అరచెయ్యి పడింది. నా వేళ్ళతో సహా కడ్డీ కదిలింది. మూడో గేరు. ఇంజన్ బొబ్బపెట్టింది. మళ్ళీ కదిలింది. రెండో గేరు. నా నుదురు పోయి డాష్‌బోర్డుకు కొట్టుకుంది. కళ్ళు తెరిస్తే, మా కారు ఆ ముసలి ఎద్దు వెనకాలే దూడలా బుద్ధిగా దిగుతోంది.

కింద టీ కొట్టు దగ్గర ఆ లారీ డ్రైవరు మామను తమిళంలో పలకరించాడు. మామిడికాయ కావాలంటే చెయ్యి ఊపితే ఆపేవాణ్ణి కదా, ఇంత దగ్గరికి రావాలా అన్నాడు. మామ అతని టీకి కూడా డబ్బులిచ్చాడు. ఇంకొకరి ఎగతాళికి మామ డబ్బు కట్టడం అదే మొదటిసారి చూశాను.

సాయంత్రం ఇంటి ముందు నా బొప్పి చూసి మా అవ్వ గోల పెట్టింది. మామ తలదించుకున్నాడు. తాత కారు దిగుతూ, "ఏమీ లేదమ్మా, బ్రేకు కాగిపోయింది. మీ పిల్లోడు గేరు మీద చెయ్యి వదల్లేదు, నిలబడిపోయింది" అని ఇంట్లోకి పోయాడు. ఒక్క మాటతో మామ పరువు కాచాడు, నన్ను వీరుణ్ణి చేశాడు. నేను కాదనలేదు. మరుసటి రోజు బడిలో కథ పెరిగింది. మూడోసారి చెప్పేటప్పటికి కారులో తాతే లేడు.

ఒకనాడు ఆయన అరుగు పక్కనే నిలబడి నలుగురికి చెబుతున్నాను. తాత బాగుచేయించిన కళ్ళజోడు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు. విని, "అంతా బాగుంది గాని, క్లచ్ ఎవరు తొక్కినారప్పా?" అన్నాడు. అంతే, లేచి లోపలికి పోయాడు. కాలితో క్లచ్ తొక్కందే గేరు పడదని తెలియని పిల్లలకు అర్థం కాలేదు. నాకు చెవులు కాలాయి. లోకంలో అందరినీ చూసి నవ్విన నేను, నవ్వదగినవాణ్ణి నాలోనే మొదటిసారి చూసింది అప్పుడే.

అలాగని బుద్ధి వచ్చిందనుకోకండి. నలభై ఏళ్ళు అదే కథ చెప్పాను, క్లచ్ కూడా నేనే తొక్కినట్టు సరిచేసి. ఇప్పుడు మనవడు ఫోన్ చూసి కార్ల వేగాలు అప్పజెబుతుంటే, నిలబడేదెట్లప్పా అని అడుగుతాను. ఆ ప్రశ్న కూడా నాది కాదు. దిగుడు రోడ్డు ఎక్కడ వచ్చినా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా సరే, నా కుడిచేతి కణుపుల మీద ఆ గరుకు అరచెయ్యి బరువు వచ్చి పడుతుంది. ఇన్నేళ్ళూ కథ చెప్పిన ప్రతిసారీ ఆయన్ని కారులోంచి దించేశాను. ఈసారి ఎక్కించాను. అదిగో, నా ఎడమవైపే కూర్చున్నాడు.