అయిదు గ్రాముల అనుమానం

వెళ్ళేటప్పుడు నూట నాలుగు గ్రాములు. వచ్చేటప్పటికి నూట తొమ్మిది.

వేంకటాచలం మాస్టారు కళ్ళజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. నూట తొమ్మిదే. వంటింటి కాటా మీద పసిడి తాపీగా కూర్చుని ఈకలు సవరించుకుంటోంది. పొద్దున్నే మేడ మీద వదిలితే ఓ చుట్టు తిరిగొచ్చిన పక్షి బరువు తగ్గాలి గానీ పెరగడమేటి?

"ఎవరో తినిపిస్తున్నారే దీనికి" అన్నారు భార్యతో, పక్షి వింటుందేమోనని గొంతు తగ్గించి.

త్రిపురసుందరి గారు పోపు కలుపుతూ వెనక్కి తిరక్కుండానే, "కాటా పాడైందేమో లెండి" అంది.

ఆ మాటకే ఎదురుచూస్తున్నట్టు మాస్టారు ఫిడేలు కమానుకి రాసే రోజిన్ బిళ్ళ తెచ్చి కాటా మీద పెట్టారు. నిన్నెంత చూపించిందో ఇవాళా అంతే చూపించింది. "కాటా తప్పు లేదు, మనుషుల్దే తప్పు" అని తేల్చేశారు. ఆయన లెక్కలో ఎప్పుడూ అంతే.

మనిషి చెడ్డవాడు కాడు సుమండీ. అనుమానం మనిషి. పాలు పోసే ఎర్రన్న నీళ్ళు కలుపుతున్నాడని, పాల చిక్కదనం కొలిచే గాజుపుల్ల కొని ముంచి చూస్తారు. గుమ్మంలో చెప్పులు విడిస్తే ఏ మూల ఎటు తిరిగి ఉన్నాయో చూసుకుని మరీ లోపలికి వస్తారు. విజయనగరం కోట వెనక వీధిలో ముప్ఫై ఏళ్ళుగా ఫిడేలు చెప్తున్నారు. తండ్రి శ్రీకూర్మంలో స్వామి ముందు వాయించిన మనిషి, ఆయన దగ్గరే నేర్చుకున్నారు. చేతిలో సరస్వతి ఉంది, కాదనేవాళ్ళు లేరు. నోట్లో మాత్రం ఎప్పుడూ ఎవరిమీదో ఒకరిమీద అభియోగం ఉంటుంది.

పసిడి ఆయన కొనుక్కున్నది కాదు. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే మేనల్లుడు గిరిబాబు బదిలీ మీద వెళ్తూ, "మావయ్యా, నువ్వయితే జాగర్తగా చూస్తావు" అని పంజరంతో సహా తెచ్చి పెట్టీసి పోయాడు. మన పచ్చ చిలకల్ని పెంచకూడదు, చట్టం ఒప్పుకోదు. ఇది పైదేశం జాతి, ఒళ్ళంతా పసుపు, రెక్కల చివర పచ్చ. కాగితాలు ఉన్నాయి. మాస్టారు వాటికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, జెరాక్సు ఒకటి బీరువాలో, ఒకటి చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎవడు ఎప్పుడు ఫిర్యాదు చేస్తాడో అని.

పంజరంలో ఉంచడానికి మాత్రం ఆయనకి మనసొప్పలేదు. ఫోనులో వీడియోలు చూసి, బయట ఎగిరి మళ్ళీ పిలిస్తే వచ్చేలా నేర్పించాలని పట్టుపట్టారు. ఆర్నెల్లు పట్టింది. మొదట హాల్లో ఆ మూల త్రిపురసుందరి గారి చేతిమీంచి ఈ మూల మాస్టారి భుజం మీదకి. వస్తే ఒక పొద్దుతిరుగుడు గింజ, రాకపోతే లేదు. తరవాత మేడ మీద, రెక్కల కిందనుంచి మెత్తటి పట్టీ వేసి, దానికి పొడుగాటి నైలాను దారం కట్టి. చివరికి దారం లేకుండా. ఎండెక్కితే గద్దలు పైకి లేస్తాయి గనక పొద్దున్న ఆరింటికి వదిలి, ఆరుంపావుకి పిలిచేవారు.

అందరూ ఈల వేసి పిలుస్తారు. మాస్టారు వెయ్యరు. "ఈలలేటి, సినిమా హాల్లో నేల క్లాసులాగ!" అన్నారు. ఫిడేలు తీసి సరళీ స్వరాల మొదటి వరస వాయిస్తారు. సరిగమపదనిస, దిగేటప్పుడు సనిదపమగరిస. పక్షి వచ్చి భుజం మీద వాలుతుంది.

త్రిపురసుందరి గారు అప్పుడే చెప్పింది. "ఏవండీ, ఊళ్ళో ఏ వీధిలో చూసినా పొద్దున్నే పిల్లలు వాయించేవి ఆ స్వరాలే కదా. దానికి తికమక కాదూ?"

"ఆళ్ళదీ ఒక వాయింపేనా?" అని మాస్టారు చిరాకుపడ్డారు. గాంధారం దగ్గర కమాను రవ్వంత ఆపి, ఒత్తి, అప్పుడు మధ్యమం అందుకోవడం వాళ్ళ నాన్నగారి పద్ధతి. ఊళ్ళో ఇంకెవరికీ లేదని ఆయన ధీమా. పరీక్షించారు కూడాను. ఎదురింటి మేడ మీదా, సందు చివరా ఇద్దరు పిల్లలు అవే స్వరాలు ఫిడేలు మీద వాయిస్తుంటే పసిడి తల తిప్పైనా చూడలేదు. మాస్టారు కమాను ఆనించగానే రివ్వున వచ్చింది. ఆ రోజు ఆయన ముఖం చూడాలి. ఒకప్పుడు అరుగు నిండా పిల్లలుండే ఇంట్లో ఇప్పుడు ముగ్గురే మిగిలారు. ఆయన వాయిస్తే వెతుక్కుంటూ వచ్చేది ఆ పక్షి ఒక్కటే.

అందుకే ఈ అయిదు గ్రాములు ఆయనకి ఒంటికి కారం రాసినట్టున్నాయి. పిల్లలు పోయారు, ఇప్పుడు ఇదీ పోతుంది. ఎవరో లాగేస్తున్నారు.

మర్నాడు పసిడి ముక్కు పక్కన ఎర్రటి పొట్టు దొరికింది. వేరుసెనగ పొట్టు. ఇంట్లో వేరుసెనగలే లేవు.

మొదటి ముద్దాయి పక్కింటి నారాయణమూర్తి గారు. ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరయ్యాడు, పొద్దున్నే మేడ మీద వ్యాయామం చేస్తాడు. మాస్టారు పిట్టగోడ మీంచి ఒంగి, మాటల్లో మాటగా, "వేరుసెనగలు బాగా తింటారా మూర్తిగారూ?" అని అడిగారు. ఆయన నోరు తెరిచి చూపించాడు. "ఎక్కడండీ, మాఘమాసంలోనే పళ్ళన్నీ పీకించీసాను. గంజి తాగుతున్నాను." మాస్టారు నోట్లోకి తొంగి చూసి మరీ నమ్మారు.

రెండోవాడు పాల ఎర్రన్న. "ఒరే, నువ్వేనా నా పక్షికి గింజలు పెడుతున్నది?" అంటే వాడు బిందె కింద పెట్టీసి, "బాబూ, పాల్లో నీల్లన్నారు, ఊరుకున్నాను. ఇప్పుడు సిలక్కి మేతంటన్నారు. నా పిల్లలకే పెట్టుకోలేక సస్తన్నాను, మీ సిలక్కి నానేటి పెడతాను?" అని రెండ్రోజులు పాలు పొయ్యడం మానీశాడు.

మూడోసారి భార్యనే అనుమానించారు. ఆవిడ గరిటె పక్కన పెట్టి ఆయన వంక చూసింది. ఆ చూపుకి మాస్టారు మేడెక్కీశారు.

మేడెక్కాక గమనించారు, పక్షి ఏ దిక్కుకి పోతోందో. నీళ్ళ ట్యాంకు దాటి, పడమటికి. వెనక రెండో వీధి. ఆ వీధిలో ఎవరుంటారో ఆయనకి బాగా తెలుసు. నాలుగేళ్ళుగా ఆ వీధి తొక్కకుండా బజారుకి చుట్టు తిరిగి వెళ్తున్నారు మరి.

అక్కడ రాగసుధ ఉంటుంది. శృంగవరపుకోట నుంచి తండ్రి బస్సులో తీసుకొచ్చి, ఎనిమిదేళ్ళ పిల్లని ఆయన ముందు కూర్చోబెట్టాడు. పద్నాలుగేళ్ళు నేర్చుకుంది. తరవాత ఆయన దగ్గరే చిన్న పిల్లలకి చెప్తూ ఉండిపోయింది. ఆ ఇంట్లో కూతురే అనుకోండి. నాలుగేళ్ళ కిందట ఒక్క నెలలో ఆరుగురు పిల్లలు మానీశారు. ఇద్దరికి పదో తరగతి, ఒకరి తండ్రికి బదిలీ, మిగతావాళ్ళకి ఏదో. త్రిపురసుందరి గారు చెప్పి చెప్పి అలిసిపోయింది. మాస్టారు వినలేదు. రాగసుధే వెనకనుంచి పిల్లల్ని లాక్కుంటోందని తేల్చుకుని, అందరి ముందూ "నా గుమ్మం తొక్కకు" అన్నారు. ఆ పిల్ల ఫిడేలు పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. బతకాలి కదా, రెండు నెలలకి ఒక గది తీసుకుని సొంతంగా చెప్పడం మొదలెట్టింది. "చూశావా, నేను చెప్పలేదూ!" అన్నారు మాస్టారు. ఆ పిల్లతో మాట్లాడొద్దని భార్యకీ ఆంక్ష పెట్టారు.

"పిల్లలు చాల్లేదు, పక్షిని కూడా పట్టుకుందన్నమాట" అన్నారు ఇప్పుడు. పళ్ళు పటపటా కొరికారు.

మర్నాడు ఆరింటికి పథకం సిద్ధం. త్రిపురసుందరి గారు మేడ మీద ఫోను పట్టుకుని నిలబడాలి. మాస్టారు ఫోను చెవికీ టోపీకీ మధ్య ఇరికించుకుని మోపెడ్ మీద కింద. పక్షి లేచింది.

"ట్యాంకు దాటిందండీ... వేపచెట్టు మీంచి ఎడమకి... ఇంక కనపడ్డం లేదు."

దొంగని పట్టుకోడానికి వెళ్తూ చప్పుడు చెయ్యకూడదని మాస్టారు రెండో వీధి మొదట్లోనే ఇంజిను ఆపీశారు. బండి తోసుకుంటూ నడిచారు. నాలుగిళ్ళు దాటారో లేదో, కాళ్ళు ఆగిపోయాయి.

ఎవరో ఫిడేలు వాయిస్తున్నారు. సరళీ స్వరాలు. గాంధారం దగ్గర కమాను ఆగింది. ఒత్తింది. అప్పుడు మధ్యమం అందుకుంది.

అది తన చెయ్యి. తన ఫిడేలు.

"ఏయ్, నా ఫిడేలు ముట్టుకున్నావా?" అన్నారు ఫోనులో.

"నాకు ఫిడేలెక్కడొచ్చండీ? మేడ మీద ఫోను పట్టుకుని నిలబడ్డాను, మీరేగా నిలబెట్టారు!"

మరి? మాస్టారి బుర్రలో టక్కున వెలిగింది. రికార్డు! ఆ పిల్ల తన వాయింపు ఎప్పుడో ఫోనులో పట్టుకుని దాచింది. పొద్దున్నే పెట్టి పక్షిని రప్పించుకుంటోంది. ఎంతకి తెగించింది! బండి స్టాండు వెయ్యకుండానే గోడకి చేరేసి, ఫోను జేబులో కుక్కి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, "ఆపు! ఆ రికార్డు ఆపు! ముందు ఆ ఫోను ఇలాగియ్యి!" అని అరిచారు.

చాప మీద అయిదారుగురు పిల్లలు బిక్కచచ్చిపోయారు. రాగసుధ మధ్యలో కూర్చుని ఉంది. చేతిలో కమాను. కిటికీ ఊచ మీద పసిడి.

"రికార్డేటి మాస్టారూ?" అంది ఆ అమ్మాయి లేచి నిలబడి.

ఆయన గదంతా కళ్ళతోనే వెతికారు. ఫోను ఒకటి గూట్లో ఛార్జింగు పెట్టి ఉంది, తెర నల్లగా. స్పీకరు లేదు, పెట్టె లేదు. "ఇప్పుడు వినపడింది... అది నా వాయింపు" అన్నారు.

"నేనే వాయించాను."

"అబద్ధం. ఏదీ, వాయించు."

రాగసుధ కూర్చుంది. తీగల మీద కమాను ఆనించింది. మాస్టారు గూట్లో ఫోను మీంచి చూపు తియ్యలేదు. స రి గ. కమాను ఆగింది. ఒత్తింది. పసిడి కిటికీ మీంచి లేచి, ఏమాత్రం తడబాటు లేకుండా, రాగసుధ భుజం మీద వాలింది. అలవాటుగా ఓ చిన్నపిల్ల గిన్నెలోంచి వేరుసెనగ గింజ తీసి అందించింది.

"పదిహేను రోజుల్నుంచి వస్తోంది మాస్టారూ. మీదేనని తెలుసు, పసుపు చిలక ఊళ్ళో ఇంకెవరికుంది? నేనేమీ పట్టి ఉంచలేదు, కిటికీ తీసే ఉంటుంది. మీకు తెచ్చి ఇద్దామంటే..." అని ఆగింది. "గుమ్మం తొక్కొద్దన్నారు కదా."

"నువ్వు... ఇంకా ఇలాగే వాయిస్తున్నావా?"

"నాకు ఇంకోలాగ రాదు మాస్టారూ. మీరిలాగే నేర్పారు. పిల్లలకీ ఇలాగే చెప్తున్నాను. గాంధారం దగ్గర ఆపకపోతే మీరు వేళ్ళ మీద కొట్టేవారు, నాకింకా భయవే."

మాస్టారికి అనుమానపడ్డానికి ఏమీ మిగల్లేదు. చాప చివర, పిల్లల పక్కన కూలబడ్డారు.

"ఆ ఆరుగుర్నీ నువ్వు తీసుకుపోలేదు కదూ?"

"లేదు మాస్టారూ."

"మరి ఆ రోజే ఆ మాట చెప్పొచ్చు కదమ్మా!"

"మీరు అడగలేదు" అంది రాగసుధ. "పొమ్మన్నారు."

ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి కొంచెం తేలిగ్గా ఉండేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయారు. నాలుగేళ్ళు! రెండు వీధుల అవతల తన తండ్రి పద్ధతిని ప్రాణంలా పెట్టుకుని ఒక పిల్ల కూర్చుంటే, తను బజారుకి చుట్టు తిరిగి నడిచారు. నోరు లేని పక్షి చెవితో విని పోల్చుకున్నది, తను వినిపించుకోనైనా లేదు.

జేబులోంచి సన్నగా త్రిపురసుందరి గారి గొంతు వినపడుతోంది. ఫోను కట్ చెయ్యనేలేదు. "ఏవండీ? దొరికిందా? ఎవరు తినిపిస్తున్నారు? మాట్లాడరేం?"

మాస్టారు ఫోను తీశారు. పంచె అంచుతో కళ్ళు ఒత్తుకుంటూ, ఫోను రాగసుధ చేతిలో పెట్టారు.

"నువ్వు మాట్లాడమ్మా. తప్పు నాదేనని చెప్పు. నాకు చెప్పడం చేతకావడం లేదు."

పక్షి భుజం మీంచి కదలకుండా రాగసుధ ఫోను మెల్లిగా చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మగారూ, నేను... సుధని" అంది.