నీటికుక్కల టీచరుగారు

మా సైన్సు టీచరుగారు ప్రభువునందు నిద్రించారని కిందటి మంగళవారం ఆవిడ చెల్లెలుగారు ఫోన్ చేశారు. అప్పుడు నేను జంగారెడ్డిగూడెంలో ఒక పెళ్ళికి ఫొటోలు తీస్తున్నాను. ఆ పని మా తమ్ముడికి వదిలి బస్సెక్కాను. సమాధి దగ్గర ఆవిడ పాఠాలు విన్నవాళ్ళే ఎక్కువమంది కనిపించారు. నేనూ హైస్కూల్లో విన్నవాణ్ణే. కానీ అసలు పాఠం ఆవిడ రిటైరయ్యాక నేర్చుకున్నాను.

రిటైరైన ఏడాదే టీచరుగారు రెండు ట్రైల్ కెమెరాలు కొన్నారు. చెట్టుకి కట్టి వదిలేస్తే, ఎదురుగా ఏ జంతువు కదిలినా వాటంతటవే ఫొటో తీస్తాయి. ఊరి చివర ఉప్పుటేట్లో చేపలు పట్టుకు తినే నీటికుక్కలంటే ఆవిడకి ప్రాణం. మోకాళ్ళ నొప్పులతో పొదల్లో గంటలు గంటలు కూర్చోలేరు గనక, ఆ కాపలా కెమెరాలకి అప్పజెప్పారు. నీటికుక్కలు ఎక్కడికి, ఏ వేళకి వస్తాయో తెలిస్తే, పెద్ద కెమెరాతో వెళ్ళి మంచి ఫొటో తీయాలని నా ఆశ. అలా ఆవిడతో తిరగడం మొదలుపెట్టాను.

"ముందు ముక్కు, తరవాతే కెమెరా" అనేవారు. గట్టు మీద చేప పొలుసులు కలిసిన నీటికుక్కల పెంట ఎక్కడ వాసన వేస్తే అక్కడే, పాత సైకిల్ ట్యూబుతో కెమెరా బిగించేవారు. మొదటిసారి నన్ను కట్టమంటే ఎదుటి గడ్డి కొయ్యకుండా కట్టాను. వారం పోయాక కెమెరాలోని మెమరీ కార్డు చూస్తే అన్నీ గాలికి ఊగే గడ్డి ఫొటోలే. ఆవిడ ఒక్కొక్కటీ ఓపిగ్గా చూసి, "గడ్డి బాగా పడిందిరా, ఫ్రేము కట్టించుకో" అన్నారు.

రెండేళ్ళ కిందట చలికాలంలో ఒక తల్లి, మూడు పిల్లలు కార్డులోకి వచ్చాయి. రోజూ పొద్దున్నే వచ్చేవి.

"నెల ఆగు. పిల్లలకి ఈత రానీ" అన్నారు టీచరుగారు.

నేను ఆగలేదు. ఒక ఎగ్జిబిషన్‌కి ఫొటో పంపాలి. ఆదివారం ఆవిడ చర్చిలో ఉన్న సమయంలో, చెప్పకుండా వెళ్ళి గట్టు మీద గుడ్డ కప్పుకుని కూర్చున్నాను. తల్లి పిల్లని నోట కరుచుకుని నా ముందు నుంచే ఈదింది. నా జీవితంలో అంత మంచి ఫొటో తీయలేదు. మర్నాడు దాచలేక చూపించాను.

ఆవిడ చాలాసేపు చూశారు. "ఆడిస్తోంది అనుకున్నావా? ఇల్లు ఖాళీ చేస్తోందిరా."

ఆ వారం కార్డులో గట్టు ఖాళీ. నీటికుక్కలు ఏటి అవతల చేపల చెరువు గట్టున తేలాయి. చెరువు రైతు ఉచ్చులు పెట్టాడని తెలిసి టీచరుగారు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు.

"మీరంటే గౌరవమేనండి. కానీ చెరువంతా తినేస్తన్నాయండి" అన్నాడు రైతు.

"అవి మీ గట్టుకి రావడానికి కారణం మేమేనండి. ఉచ్చులు తీసెయ్యండి. చుట్టూ వల మేం కడతాం."

"ఏంటండీ, మీరు కడతారా?"

"కడతామండి."

ఆ 'మేము' విని నేను తలెత్తలేకపోయాను. నాలుగు రోజులు ఇద్దరం వల కట్టాం. నేను కర్రలు పాతాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని ముళ్ళు వేశారు. చివరి రోజున, "ఫొటో పంపుకో, నీ ఇష్టం. దాని కింద ఏం రాస్తావో నాకోసారి చూపించు" అన్నారు. మూడు రోజులు కూర్చున్నా ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఫొటో పంపలేదు.

ఎండాకాలానికి నీటికుక్కలు ఏటిగట్టుకి తిరిగొచ్చాయి. పిల్లలు రెండే ఉన్నాయి. మూడోది ఏమైందో మాకు తెలియలేదు. ఆ తరవాత ఆవిడ "ఆగు" అన్నప్పుడల్లా ఆగాను.

సమాధైన మర్నాడు ఏటిగట్టున మిగిలిపోయిన కెమెరా తెచ్చి కార్డు చూశాను. ఆఖరి ఫొటోలో టీచరుగారే ఉన్నారు. బ్యాటరీలు మార్చడానికి వెళ్ళినట్టున్నారు. ఏటికి వీపు పెట్టి గట్టు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంటున్నారు. ఆవిడ వెనక, నాలుగు బారల దూరంలో, ఒక నీటికుక్క మెడ దాకా నీళ్ళలోంచి లేచి, కదలకుండా ఆవిడ వైపే చూస్తోంది.