పక్క సీట్లో బరువు వద్దు

మా పిన్ని కొత్త కారును పెట్రోలు బంకులోకి తిప్పినప్పుడు, ఆవిడ వెనకే మరి కొన్ని కార్లు వరసగా లోపలికి వచ్చి ఆగాయి. వాటిలో దేనికీ పెట్రోలు అక్కర్లేదు. వాటిలోంచి దిగినవాళ్ళు చేతులు కట్టుకుని, తలలు దించుకుని నిలబడ్డారు. వాళ్ళలో కాస్త పెద్దాయన, దారిపొడుగునా ఎవరు హారన్ కొట్టినా కిటికీలోంచి చెయ్యి చూపించి మందలిస్తూ వచ్చినాయన, పిన్ని దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరు పోయారమ్మా?"

"మా ఆయన" అంది పిన్ని.

"అయ్యయ్యో. ఎప్పుడు?"

"పోయిన వేసవిలో."

మా తెల్ల కారు రోడ్డు మీద అంత నెమ్మదిగా పోవడం, తోలుతున్నావిడ మధ్యమధ్య ఖాళీ సీటు వైపు తిరిగి పెదవులు కదపడం చూసి, ఇది శవం వెంట పోయే వరస అనుకున్నాడట పెద్దాయన. ఆయన్ని చూసి ఆయన వెనకవాళ్ళూ అలాగే అనుకున్నారు.

"మరి ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అన్నాడు.

"ఎక్కడికీ లేదండీ. ఇంజను కొత్తది" అంది పిన్ని.

వెనక సీట్లో ఉన్న నేను, టైరులో గాలి చూసే మనిషిలా ముఖం పెట్టి, అవతలి తలుపు తీసుకుని దిగిపోయాను.

పిన్నీ బాబాయీ కలిసి డ్రైవింగ్ స్కూలు నడిపేవారు. స్కూలంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఇంటి ముందు గది. ఒక బల్ల, దాని మీద ఫోను, కాగితాలు ఎగిరిపోకుండా అరిగిపోయిన క్లచ్ ప్లేటు, గోడకి రోడ్డు గుర్తుల పటం, మూలన స్టూలుకి బిగించిన పాత స్టీరింగు. కారంటే వణికేవాళ్ళని బాబాయి ముందు ఆ స్టూలు దగ్గర కూర్చోబెట్టి తిప్పించేవాడు. కొందరికి అక్కడే చెమటలు పట్టి మంచినీళ్ళు కావాల్సి వచ్చేవి. నేర్పడం ఆయన పని. ఫోను ఎత్తడం, పేర్లు రాసుకోవడం, ఆలస్యంగా వచ్చినవాళ్ళని చెడామడా తిట్టడం పిన్ని పని. నేర్పే లైసెన్సు ఆవిడకీ ఉంది, బాబాయే పట్టుబట్టి తీయించాడు. కానీ నేర్పేవాళ్ళు కూర్చునే పక్క సీట్లో ఆవిడ ఒక్కనాడూ కూర్చోలేదు.

ఆ పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే నేర్పేవాళ్ళు తొక్కడానికి. ఇటు తొక్కితే అటూ దిగుతుంది, అటు తొక్కితే ఇటూ దిగుతుంది. రెంటినీ కలుపుతూ కింద ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోవాలి. నేను గుర్తుపెట్టుకునే కూర్చునేవాణ్ణి, అయినా లాభం లేకపోయింది.

కొత్త కారొస్తే మొదటి వెయ్యి కిలోమీటర్లూ నేర్చుకునేవాళ్ళ చేతికి ఇచ్చేవారు కాదు. "కొత్త ఇంజను లోపల ముక్కలన్నీ కొత్త కాపురంలా ఉంటాయిరా. తొందరపెట్టావో, జన్మంతా కీచులాటే" అనేవాడు బాబాయి. అందుకని పాఠాలయ్యాక సాయంత్రాలు పిన్ని తోలేది, ఆయన పక్కన కూర్చునేవాడు. ఒకే వేగంలో ఎక్కువసేపు పోకూడదు. ఇంజను గొంతు చించుకునేలా తొక్కకూడదు. అలాగని పెద్ద గేరులో పెట్టి మూలగనివ్వనూ కూడదు. బ్రేకు మీద ఎగిరిపడకూడదు. పొద్దుట్నుంచీ అరిచి అరిచి ఆ వేళకి ఆయనకి గొంతు మిగిలేది కాదు. అందుకని కళ్ళు మూసుకుని ఇంజను వింటూ, చూపుడువేలి గోటితో డాష్‌బోర్డు మీద కొట్టేవాడు. ఒకసారి టక్ మంటే గేరు పెంచమని. రెండుసార్లంటే తగ్గించమని. "మీ బాబాయి నాతో మనసు విప్పి మాట్లాడింది డాష్‌బోర్డు మీదే" అనేది పిన్ని. ఎగతాళికే అనేది, కానీ అన్నాక కొంచెం ఎర్రబడేది.

ఇప్పటి కారు రంగు బాబాయే ఎంచి, చెప్పి వచ్చాడు. కారు గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన లేడు.

"అన్నయ్యా, అమ్మని ఒక్కదాన్నీ పంపకు" అని పిన్ని కూతురు, అంటే నా చెల్లెలు, నన్ను వెంట పంపింది. నేను ముందు తలుపు తీయబోయాను.

"ఒరే, వెనక ఎక్కు" అంది పిన్ని. "పక్క సీట్లో బరువు వద్దు. ఇంజను కొత్తది."

నా ఒళ్ళు సంగతి నాకు తెలుసు కాబట్టి వెనకే ఎక్కాను. పైగా నమ్మాను. మా ఇంటిల్లిపాదీ నమ్మాం. బాబాయి చెప్పిన ఏ సూత్రమో అయ్యుంటుందనుకుని, ఆఫీసులో కొత్త కారు కొన్న మా అకౌంటెంటుకి నేనే చెవిలో వేశాను. ఆయన ఇంజను కుదిరేదాకా భార్యని వెనక సీట్లోనే తిప్పాడు. ఆవిడ ఇప్పటికీ నేను ఎదురైతే రోడ్డు దాటి పోతుంది.

ఊరి చివర గోదాముల పక్కన రోడ్డు ఖాళీగా ఉంటుంది. సాయంత్రపు ఎండ ముందు అద్దంలోంచి ఏటవాలుగా పడుతోంది. పిన్ని రెండో గేరులో పోతోంది. ఖాళీ సీటు ముందు డాష్‌బోర్డు మీద టక్ మంది. పిన్ని గేరు పెంచింది. రెండు సీట్ల సందులోంచి చూస్తే, మనిషి లేని ఆ పక్క క్లచ్చు కిందికి దిగి, మెల్లగా పైకి లేచింది. ఇది దిగితే అది దిగుతుందని చెప్పానుగా. నాకు తెలుసు. తెలిసీ నా కాళ్ళు రెండూ వెనక్కి లాక్కున్నాను.

"పిన్నీ, ఏమిటా చప్పుడు?"

"ఏ చప్పుడు?" అంది అద్దంలో నన్ను చూస్తూ.

మలుపు దగ్గర టక్, టక్. పిన్ని గేరు తగ్గించింది. "ఆఁ, చూశాను, చూశాను" అని గొణిగింది. నాతో కాదు.

ఇంజను మాత్రం వెన్నలా నడిచింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ చప్పుడు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

మీటరు వెయ్యి దాటింది. పిన్ని మర్నాడు మళ్ళీ తాళాలు తీసింది. ఆ తర్వాతి రోజూ తీసింది. చప్పుళ్ళు తగ్గుతూ వచ్చాయి. కారు పొద్దంతా ఎండలో నిలిపితే సాయంత్రం ఎక్కువ వినిపిస్తుందని ఆవిడ కనిపెట్టింది. కనిపెట్టాక నీడలో పెట్టడం మానేసింది.

ముందు గదిలో మాత్రం ఫోను మోగుతూనే ఉంది.

"అమ్మా, నేర్చుకుంటానన్న ఆ బ్యాంకావిడ మళ్ళీ చేసింది" అంది చెల్లి. "స్కూలు ఉందా, మూసేశారా అంటోంది."

"ఇంజను ఇంకా కుదర్లేదని చెప్పు."

"రోజూ అదేగా చెప్పేది! అదేమన్నా విమానమా? నవ్విపోతున్నారు జనం."

"నీకేం తెలుసే ఇంజన్ల గురించి?"

"నాకేం తెలీదు. ఫోనెత్తి అబద్ధాలాడటం తెలుసు." చెల్లి గొంతు మారింది. "ఒక్క పాఠం లేక ఎన్నాళ్ళైంది? బోర్డు పీకేద్దామంటే చెప్పు, నేను ఇంకో పని చూసుకుంటాను. లేదంటే నువ్వు ఆ సీట్లో కూర్చుని నేర్పు. లైసెన్సు నీకూ ఉంది కదమ్మా."

పిన్ని క్లచ్ ప్లేటుని బల్ల మీద ఇటునుంచి అటు జరిపింది. "అక్కడ నేను కూర్చుంటే" అంది, "మరి ఆయనెక్కడ కూర్చుంటారే?"

చెల్లి నావైపు చూసింది. నేను గోడ మీది పటంలో కుడి మలుపు గుర్తుని జీవితంలో మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాను.

ఆ వారంలోనే కారును షెడ్డుకి తీసుకెళ్ళాం. ఇంజన్లో మొదటి నూనె మార్చాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది. మేస్త్రీ బాబాయికి పాత నేస్తం. వంపిన నూనెని వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"కుదిరిందమ్మా. కుదిరి చాలా రోజులైంది. ఇంకా ఇలా ముద్దు చేశారంటే దీనికి బద్ధకం వస్తుంది. పనికి పెట్టండిక."

అని, పక్క సీటు కింద కడ్డీ బిగువు చూడ్డానికి తలుపు తీసి అందులో చతికిలబడ్డాడు.

"లే! లేవయ్యా!" అంది పిన్ని.

"గ్రీజు అంటుతుందనా? గుడ్డ వేసుకునే కూర్చున్నానమ్మా." మేస్త్రీ డాష్‌బోర్డు మీద అరచేత్తో తట్టి చూశాడు. లోపల ఏదో టక్ మంది. "ఓహో, ఇదా. కొత్త ప్లాస్టిక్కమ్మా. ఎండకి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఇక్కడో స్పాంజి ముక్క దోపితే నోరు మూసుకుని పడుంటుంది. దోపమంటారా?"

"వద్దు."

"చిటికెలో పని."

"వద్దన్నానా!"

పక్క కారు కింద పడుకుని పనిచేస్తున్న మనిషి తల బయటపెట్టి చూశాడు. మేస్త్రీ పిన్ని ముఖం చూశాడు. మెల్లగా దిగి, ఉతికిన గుడ్డ ఒకటి వెతికి తెచ్చి, సీటంతా తుడిచాడు. తను కూర్చున్నంత మేరే కాదు, తల ఆనుకునే చోటు కూడా.

తిరిగి వస్తుంటే ఒక్క చప్పుడూ లేదు. గోదాములు దాటాం, మలుపు తిరిగాం, ఏమీ లేదు. వంతెన ఎక్కేచోట ముందు ఇసుక లారీ పాకుతోంది. కారు వేగం పడిపోయింది. నాలుగో గేరులోనే ఉంది. ఇంజను మూలగసాగింది. పిన్ని చెయ్యి గేరు మీద సిద్ధంగా ఉంది కానీ కదల్లేదు. చెవి ఖాళీ సీటు వైపు వంచి ఎదురుచూస్తోంది. నేనూ ఊపిరి బిగబట్టి ఎదురుచూశాను. కారు ఒళ్ళంతా వణికింది.

"పిన్నీ, ఆగిపోతుంది!"

వెనక హారన్లు మొదలయ్యాయి. డాష్‌బోర్డు పలకలేదు. ఆఖరి క్షణంలో పిన్నే గేరు తగ్గించింది. పక్కన క్లచ్చు దిగి లేచింది, దిగాలి కాబట్టి. వంతెన దిగాక కారు ఓ పక్కకి తీసి ఆపింది.

"కొట్టలేదు" అంది.

"ఇందాకంతా షెడ్డు నీడలో ఉంది కదా పిన్నీ, ప్లాస్టిక్కు చల్లబడి..."

"తెలుసురా. నాకేం పిచ్చా?" చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, నవ్వో ఏమిటో తెలియని గొంతుతో అంది: "మీ బాబాయికో గుణం ఉండేది. ఇంజను కుదిరిందని ఆయన చెవికి తెలిసిన రోజున, కొట్టడం మానేసి నిద్రపోయేవారు. నోరు తెరుచుకుని మరీ. చెప్పేవారు కాదు, ఆ గురక వినే నేను తెలుసుకునేదాన్ని. ఎన్నిసార్లు ఆయన్ని అలా ఇంటికి తెచ్చుకున్నానో."

పక్క సీటు వైపు తిరిగి చూసింది. దిగుతున్న సూర్యుడు అటువైపు నుంచి నేరుగా సీటు మీద కొడుతున్నాడు. పిన్ని చెయ్యి చాచి, ఆ పక్కన ఎండ పడకుండా ముందు అద్దం పైనున్న అడ్డు రేకును కిందికి వంచింది. తల ఉండేచోట నీడ పడిందో లేదో చూసి, ఇంకొంచెం వంచింది.

దిగి నడిచి వస్తానందామనుకున్నాను, ఈలోపే పిన్ని కారు కదిపింది. ఇల్లు చేరేదాకా ఆవిడ ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. గతుకు వచ్చిన ప్రతిచోటా, పడుకున్నవాళ్ళు కదలకుండా, కారును అటూ ఇటూ తప్పించింది.

లోపలికి వెళ్ళి చెల్లితో ఒకటే మాట అంది. "బ్యాంకావిడకి ఫోన్ చెయ్యి."

మర్నాడు పొద్దున్నే బ్యాంకావిడ వచ్చింది. చేతిలో రుమాలు అప్పటికే తడిసి ఉంది. స్టీరింగు ముందు కూర్చుని, సీటు ముందుకి జరుపుకుని, వెనక్కి జరుపుకుని, అద్దం సర్దుకుంది. చెల్లి నన్ను మళ్ళీ వెనక సీట్లోకి నెట్టి, తను ముందు గది కిటికీ దగ్గర నిలబడింది. పిన్ని చుట్టూ తిరిగి వచ్చి పక్క తలుపు తీసింది. తీసి, పట్టుకుని నిలబడిపోయింది. ఎంతసేపటికీ ఎక్కదు. చెల్లి కిటికీ ఊచలు గట్టిగా పట్టుకోవడం నాకు కనిపిస్తోంది.

పిన్ని వంగి, నిద్రపోతున్న మనిషిని లేపీ లేపకుండా పిలిచే గొంతుతో అంది: "కాస్త జరగండి."

బ్యాంకావిడ హడలిపోయి తన తలుపుకేసి నొక్కుకుంది.

పిన్ని ఎక్కి, సీటు అంచున, సగం చోటు వదిలేసి కూర్చుంది.

వీధి మూలదాకా ఫరవాలేదు. మూల తిరిగేచోట స్టీరింగు తిప్పినావిడ మళ్ళీ వెనక్కి తిప్పడం మర్చిపోయింది. ఎదురుగా చెత్తకుండీ, దాని వెనక గోడ. బ్యాంకావిడ కెవ్వుమని, కనిపించిన పెడళ్ళన్నీ ఒకేసారి తొక్కేసింది. కారు ఎగిరి, తుమ్మినట్టు ఊగి, చెత్తకుండీకి జానెడు దూరంలో ఆగిపోయింది. పిన్ని పాదాలు రెండూ పక్కపక్కన పొందికగా, చుట్టపుచూపుగా వచ్చినావిడలా, కాళ్ళ కింద పరిచిన చాప మీదే ఉన్నాయి.

బ్యాంకావిడకి భయం తీరి కోపం వచ్చింది. "ఏంటి మేడమ్ ఇది? మీ దగ్గరా బ్రేకు ఉందిగా, గుద్దేస్తుంటే చూస్తూ కూర్చున్నారేంటి, తొక్కొద్దూ?"

పిన్ని చెప్పులు వదిలేసి, సీటు నిండా సర్దుకుని కూర్చుని, పాదాలు ఒక్కొక్కటిగా ఆ పెడళ్ళ మీద పెట్టింది.

"ఈ పక్క కూర్చోవడం నాకూ ఇవాళే మొదలమ్మా, స్టార్ట్ చెయ్, నెమ్మదిగా పోదాం."