ఒప్పందంలో బచ్చన్నపేట అక్క మాట

ఆ రోజు జనగామలో నేను ఒక మనిషి మాటను పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. ఆ తప్పు ముందే ఒప్పుకుంటున్నాను.

ఎనభైల చివరి రోజులవి. ప్రపంచ దేశాల సభ అభివృద్ధిని మనిషి హక్కుగా ప్రకటించిందని రేడియోలో విన్నప్పటి నుంచి మా మిత్రబృందానికి కాళ్లు నేల మీద నిలవలేదు. అయితే అది ఉత్త ప్రకటనే, ఏ దేశమూ పాటించి తీరాలని లేదు. అరవై తొమ్మిది ఉద్యమంలో మేం చదువులు వదిలి రోడ్డెక్కింది ఎందుకు? మా ప్రాంతానికి ఇచ్చిన మాట సర్కారు నిలబెట్టుకోలేదనే కదా! అందుకే దీన్ని అన్ని దేశాలూ కట్టుబడే ఒప్పందంగా మార్చాలని ఢిల్లీ సర్కారుకు రాయాలనుకున్నాం. ముసాయిదా పని నాది. హోటల్ వెనక గదిలో ఒక్కో షరతూ చదువుతుంటే అందరూ బల్లలు చరిచారు. ప్రపంచానికి చట్టం మేమే రాస్తున్నంత సంబరం!

అప్పుడు లేచింది, అభివృద్ధి గురించి రాస్తున్నామని విని బచ్చన్నపేట నుంచి బస్సులో వచ్చిన రైతు అక్క.

"సారూ, మా ఊర్ల చెరువుకట్ట ఎత్తు పెంచుతరట. గదీ అభివృద్ధేనట. నాకున్న ఎకరం చెలక మునుగుతది. నన్ను ఒక్కలన్న అడిగిండ్రా? జనాన్ని అడగకుండ ఏ పనీ చెయ్యొద్దని దాంట్ల రాయుండ్రి."

పక్కనున్న మిత్రుడు రాసేశాడు. నేను కొట్టేశాను.

"అక్కా, ఇది దేశాల ముచ్చట. చెలకల ముచ్చట కాదు."

"దేశం ఏడుంటది సారూ? చెలకల మీద కాదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు, చెంగు దులుపుకుని బస్సుకు వెళ్లిపోయింది. సాయంత్రానికే ఉత్తరం టపాలో వేశాను.

ఇంటికొచ్చి నకలు చదివితే, ఒక్క షరతులోనూ జనాన్ని అడగాలన్న మాట లేదు. మమ్మల్ని అడగకుండా మా బతుకులు తేలుస్తారా అని అరవై తొమ్మిదిలో అరిచిన గొంతు నాదే. సిగ్గుతో తల వంగింది.

మర్నాడు మొదటి బస్సుకే బచ్చన్నపేట వెళ్లాను. ఆమె తన చెలకలో పత్తి ఏరుతోంది.

"గింత దూరం వచ్చిండ్రేంది సారూ? దేశాల ముచ్చట ఒడిసిందా?"

"తప్పయింది అక్కా. నువ్వు చెప్పు, నేను రాస్త."

గట్టు మీద కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాశాను. రెండుసార్లు చదివించుకుని, "ఊకె అడుగుడు కాదు, వద్దంటే ఇనాలె" అని ఇంకో మాట చేర్పించింది. మా షరతుల్లో దేనికీ లేని పదును! ఉత్సాహంతో చేయి ఆగలేదు.

మిత్రుల ముందు నా తప్పు చెప్పి, ఆ మాటనే మొదటి షరతు చేసి రెండో ఉత్తరం పంపాను. చెరువుకట్ట గురించి అర్జీ కూడా రాసి ఆమె వెంట మండల ఆఫీసుకు వెళ్లాను. అక్కడ మాట్లాడింది ఆమె. నేను అర్జీ పట్టుకుని పక్కన నిలబడ్డాను.